బాట పన్ను – ఊరి మాట



నేటి ప్రసంగమునకు విషయము బాట. బాట యనగా అడుగులు పడు నేల మాత్రమే కాదు. దానిని వేయుటకు ధనము కావలెను. ఆ ధనమును ఎవరో ఇయ్యవలెను. అది ఏ యూరి మీదుగా పోవలెనో ఎవరో నిర్ణయింపవలెను. ఇచ్చువారు రైతులు, బండ్లవారు, యాత్రికులు, ఇది అందరెరిగినదే. నిర్ణయించువా రెవరు? నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల చరిత్రలో ఈ ప్రశ్నకు దొరకు సమాధానమును మీకు విన్నవించుచున్నాను. బాటతోపాటు దుమ్మును పొగయు వచ్చును గనుక, గాలి సంగతియు ఇందులో చేరియే యున్నది.

ఆళ్లగడ్డకు తూర్పున నల్లమల పాదమున దిగువ అహోబిలము, అడవి లోపల ఎగువ అహోబిలము కలవు. ఏటేట సంక్రాంతి మరునాడు, కనుమ పండుగనాడు, అహోబిలస్వామి పార్వేటకు బయలుదేరును. ఇంచుమించు నలువది దినములు ముప్పదికి పైగా గ్రామములలో స్వామి పల్లకి తిరుగును. బోయలు పల్లకిని మోయుదురు. ఫాల్గుణమున జరుగబోవు తన కల్యాణమునకు స్వామియే స్వయముగా ఊరూర ప్రజలను పిలువవచ్చునని పెద్దలు చెప్పుదురు. ఏ దినమున ఏ యూరికి పల్లకి చేరవలెనో, ఎక్కడ దింపవలెనో, అక్కడ ఎవరి కే మర్యాద జరుగవలెనో, ఇదియంతయు ఊరివారికి తెలిసిన కట్టుబాటు. ఆ త్రోవను ఒక్కరు తమ యిచ్చవచ్చినట్లు మార్చుటకు వీలులేదు. ఇంతకు పూర్వము మన ప్రాంతమున బాటకు, ఊరి సమ్మతికి ఉండిన సంబంధమును చూపుటకు ఈ ఒక్క యాచారము చాలును.

ఇట్టి సమ్మతి యున్నను బాటలు బాగుగ నుండెనని చెప్పలేము. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830వ సంవత్సరము మే నెలలో కాశీయాత్రకు బయలుదేరి, తిరుపతి, కడపల మీదుగా అహోబిలమునకు వచ్చి, అటనుండి మహానందికి, శ్రీశైలమునకు పోయిరి. ప్రతి మజిలీయందును బాట ఎట్లున్నది, నీరు దొరకునా, బసకు చోటున్నదా యని వారు తమ కాశీయాత్ర చరిత్రలో వ్రాసికొనిరి. ఆ గ్రంథము 1838లో అచ్చుపడినది. కందనూరు నవాబు శ్రీశైల యాత్రికులవద్ద సుంకము గైకొనుచుండిన సంగతియు అందు కలదు. యాత్రికుడు రొక్కము చెల్లించుచుండెను. కొండదారి మాత్రము కొండదారిగనే యుండెను. సుంకము పుచ్చుకొన్న చేయి బాటను బాగుచేయవలెనని అడుగుటకు ఆనాడు సభ లేదు, చట్టము లేదు.

1839లో ఆంగ్లేయ కుంపినీవారు కందనూరు నవాబును తొలగించిరి. 1858లో కడప జిల్లాలోని కోయిలకుంట్ల మొదలైన తాలూకాలను చేర్చి కర్నూలు జిల్లాను ఏర్పరచిరి. ఆ కాలముననే మన ప్రాంతమున రాకపోకల కొరకు ఒక గొప్ప వ్యయము ఆరంభమాయెను. దానినే మనము నేడు కె.సి. కాలువ యనుచున్నాము.

తుంగభద్రపై సుంకేసులవద్ద ఆనకట్ట కట్టి, అటనుండి కడపవరకు ఇంచుమించు నూటతొంబది మైళ్లు కాలువ త్రవ్వి, దానిలో పడవలు నడుపుటకును పొలములకు నీరిచ్చుటకును లండనులో ఒక కంపెనీ యేర్పడెను. దాని మూలధనములో పదిలక్షల పౌనులపై నూటికి ఐదు చొప్పున వడ్డీ చెల్లింతుమని ప్రభుత్వమువారు హామీ యిచ్చిరి. అనగా లాభము వచ్చినను రాకున్నను వాటాదారునికి వడ్డీ తప్పదు. ఆ వడ్డీ వచ్చునది యెక్కడనుండి? ఈ దేశపు రాబడినుండియే. రాబడిలో పెద్దభాగము భూమిశిస్తు. కావున ఆ హామీ బరువు తుదకు రైతు నెత్తిపైననే పడెను.

కాలువ సిద్ధమాయెను, కాని కోరినన్ని పడవలు రాలేదు, అనుకొన్నంత నీరును రైతులు గైకొనలేదు. ఇది రైతుల మూర్ఖత్వమని కొందరు దొరలు తలచిరి. నిజమును విచారింపగా, నల్లరేగడిలో జొన్నయు ప్రత్తియు వానమీదనే పండును. అట్టి నేలకు నీరు పెట్టుటయెట్లో, నీటితీరువ గిట్టుబాటగునో కాదో రైతునకు సందేహముగా నుండెను. కాలువ త్రవ్వకముందు ఆ రైతు నెవ్వరును అడుగలేదు. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ధాతకరువులో జనులు ఆ నీటిని ఆశ్రయించిరి. అయినను కంపెనీ నిలువలేకపోయెను. 1882లో ప్రభుత్వమే దానిని కొనివేసెను. కాలువ యిప్పటికిని మన పొలములను తడుపుచున్నది, అది మేలే. ఓడత్రోవగా మాత్రము అది రాణింపలేదు. అడుగక పెట్టిన ఖర్చునకు ఫలితమెట్లుండునో తెలిసికొనుటకు దూరదేశములకు పోనక్కరలేదు. కాలువగట్టు నెక్కి చూచిన చాలును.

బాటలకు ప్రత్యేకముగా పన్ను పుట్టినది 1866లో. ఆ యేట చెన్నపురి రాజధానిలో బాటపన్నుచట్టము చేసి, భూమి గుత్తవిలువలో రూపాయికి అర్ధణా వరకు వసూలు చేయుట కధికారమిచ్చిరి. 1871లో దాని స్థానమున స్థానికనిధుల చట్టము వచ్చెను. అప్పుడు రూపాయికి అణా వరకు పెంచుటకు వీలాయెను. బాటలపై సుంకపుగేట్లు పెట్టుటకు, ఇంటిపన్ను వేయుటకును అధికారము కలిగెను. ఆ నిధులను చూచుటకు సంఘములుండెను గాని, వాని కధ్యక్షుడు కలెక్టరు. తక్కిన సభ్యులును ప్రభుత్వము నియమించినవారే. అణా యిచ్చినవాడు సభలో లేడు. సభలో నున్నవాడు తనను నియమించిన దొర ముఖము చూచి మాటాడుచుండెను.

1882 మేనెలలో రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనను గూర్చిన తీర్మానమును ప్రకటించెను. దాని ననుసరించి 1884లో చెన్నపురి స్థానికసంఘముల చట్టము వెలువడి, జిల్లాబోర్డులు, తాలూకాబోర్డులు, యూనియన్ పంచాయతీలు ఏర్పడెను. కొన్ని స్థానములకు ఎన్నిక వచ్చెను. 1920 చట్టముతో ఎన్నికైన సభ్యుల బలము పెరిగి, ప్రజలలోనివారు బోర్డులకధ్యక్షులగుట సాధారణమాయెను. మన తాతల కాలపు బోర్డురోడ్డను మాట ఈ బోర్డులవలన వచ్చినదే. ఏ యూరికి కంకర వేయవలెను, ఏ వంకపై మోరీ కట్టవలెనని మన వారు సభలో వాదించుట ఆ దినములలోనే యలవాటైనది. అర్జీ వ్రాయుట, పదిమందిచే చేవ్రాలు చేయించుట, బోర్డుసభ్యుని వెంటబెట్టుకొని తెగిన గట్టును చూపుట, ఇవి యన్నియు మన పల్లెలు నేర్చిన రాజకీయపు ఓనమాలు. 1934లో తాలూకాబోర్డులను రద్దుచేసినపుడు, ఊరికి దగ్గరగా నుండిన ఆ సభ పోయి, జిల్లాబోర్డు మాత్రమే మిగిలెను. పల్లెవాని మాట మరల దూరమాయెను.

ఇంతలో రైలును మోటారును వచ్చెను. ధాతకరువు తరువాత, ధాన్యమును కరువుప్రాంతములకు చేర్చు నుద్దేశముతో నంద్యాల మీదుగా గుంటకల్లునుండి బెజవాడవైపు మీటరుగేజి రైలుమార్గము నల్లమలను దాటి వేయబడెను. మోటారుబండ్లు పెరిగిన పిదప, ఎద్దులబండ్లకు చాలియుండిన కంకరబాటలు చెడిపోవసాగెను. బాటలను బాగుచేయుట స్థానికసంఘములకు శక్తికి మించిన పనియాయెను. అందుచేత 1927లో ఎం.ఆర్. జయకర్‌గారి యధ్యక్షతను ఒక సంఘము విచారణ జరిపి, మోటారు నడుపువాడు బాట ఖర్చును కొంత భరింపవలెనని 1928లో నివేదించెను. 1929లో పెట్రోలు గాలనునకు రెండణాల అదనపు సుంకము వేసి, కేంద్ర రోడ్డునిధిని స్థాపించిరి. 1931లో చెన్నపురి రాజధానిలో మోటారుబండ్ల పన్ను చట్టమువచ్చి, పాత టోలుగేట్లు తీసివేయబడెను. వానివలన బోర్డులకు కలిగిన నష్టమును కొత్తపన్నునుండి పూడ్చుట కేర్పాటాయెను.

ఈ మార్పులో నొక సూక్ష్మము కలదు. భూమిపన్నును చెల్లించు రైతు తానెంత యిచ్చెనో లెక్కచెప్పగలడు. దానిపై అధికారిని నిలదీయగలడు. పెట్రోలులో కలిసిన పన్ను కంటికి కనబడదు. బస్సు టిక్కెట్టులో, ఎరువుబస్తా కిరాయిలో, సంతకు పోవు లారీ బాడుగలో అది మనవద్దకే వచ్చును. కనబడని పన్నును గూర్చి అడుగువారు తక్కువ. నేటికిని ఈ పద్ధతియే నడచుచున్నది. 2000లో కేంద్ర రోడ్డునిధి చట్టము చేసి, పెట్రోలు డీజిలులపై సుంకమునుండి జాతీయరహదారులకు, గ్రామముల బాటలకు ధనము కేటాయించిరి. ఆ సంవత్సరము డిసెంబరు 25వ తేదీన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన ఆరంభమాయెను. 2020లో మన రాష్ట్రప్రభుత్వమును లీటరునకొక రూపాయి రోడ్డుసుంకము విధించెను. హైవేమీద టోలుగేటు మరల వచ్చిన సంగతి కర్నూలు, కడపల నడుమ ప్రయాణముచేయు ప్రతివాడు ఎరుగును.

ఇక గాలి సంగతి. బాటవలన మేలెంతయో కలదు. ప్రసవవేదన పడు స్త్రీని ఆసుపత్రికి చేర్చునది బాట. కూరగాయలు వాడకముందే సంతకు చేర్చునది బాట. కాని బాటప్రక్కనున్న యింటివారికి అది దుమ్మును గూడ ఇచ్చును. నాపరాతి ట్రాక్టర్లు, సున్నపురాతి లారీలు పైన పట్టా కప్పక పోవునప్పుడు, అంచున మట్టి వదలిన తారుబాటపై బస్సు వేగముగా పోవునప్పుడు లేచు దుమ్ము మనమెరిగినదే. కంటికి కనబడు దుమ్ము కొంత మేలు. ముక్కులో చిక్కి, తుమ్ముతో బయటపడును. కనబడని దుమ్ము అపాయకరము. మీటరులో పదిలక్షవ వంతును మైక్రాను అందురు. మనిషి వెండ్రుక మందము ఏబది అరువది మైక్రానులుండును. పది మైక్రానులకు లోబడిన ధూళి శ్వాసతో లోనికి పోవును. రెండున్నరకు లోబడినది ఊపిరితిత్తుల అట్టడుగునకు చేరి, నెత్తురులోను కలియగలదు. డీజిలు పొగలోని మసి ఈ రెండవజాతికి చెందినది. ఉబ్బసము, గుండెజబ్బు దీనివలన ప్రబలుచున్నవని వైద్యశాస్త్రము నిర్ధారణచేసినది. రాతిని చెక్కు పనివారున్న ఆళ్లగడ్డవంటి చోట ధూళియన నేమో వేరుగ చెప్పనక్కరలేదు.

గాలి చెడుట మనుష్యులను చంపునని లోకమునకు తెలియజేసినది లండను పొగమంచు. 1952 డిసెంబరులో ఐదు దినములు ఆ నగరమును కమ్మిన బొగ్గుపొగవలన నాలుగువేలమంది చనిపోయిరని అప్పుడే లెక్కకట్టిరి. 1956లో అచ్చట శుద్ధమైన గాలికై చట్టము చేసిరి. మన దేశమున గాలికాలుష్య నివారణచట్టము 1981లో వచ్చెను. 1998 జూలైలో సుప్రీముకోర్టు ఢిల్లీ బస్సులను డీజిలునుండి సహజవాయువునకు మార్పవలెనని ఆజ్ఞాపించెను. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము జాతీయ శుద్ధవాయు కార్యక్రమమును ప్రకటించి, గాలి మితిమీరి చెడిన నగరములను ఎంచెను. ఆ జాబితాలో మన కర్నూలు కలదు. పది మైక్రానులకు లోబడిన ధూళి, ఘనపుమీటరు గాలిలో సంవత్సరపు సగటున అరువది మైక్రోగ్రాములు మించరాదని 2009 నాటి మన దేశపు నియమము. కర్నూలు జాబితాలోనికి పోవుటకు కారణము ఈ హద్దును దాటుటయే. నంద్యాల ఆ జాబితాలో లేదు. 2022 ఏప్రిలు 4వ తేదీన అది జిల్లా కేంద్రమాయెను. కేంద్రమైన పట్టణమునకు బండ్లు పెరుగుట సహజము. జాబితాలో లేనంతమాత్రమున గాలి చక్కగ నున్నదని కాదు. హద్దు దాటకముందే జాగ్రత్తపడుటకు మనకు కాలము మిగిలియున్నదని గ్రహింపవలెను.

ఇచ్చట అమెరికా దేశపు టేర్పాటొకటి తెలిసికొనదగినది. 1990లో వారు తమ గాలిచట్టమును సవరించి, గాలి చెడిన ప్రాంతమున వేయదలచిన బాటల పథకము, ఆ ప్రాంతపు గాలిశుద్ధి పథకముతో పొసగవలెనని నియమించిరి. పొసగనిచో కేంద్రధనము నిలిచిపోవును. 1991లో చేసిన రవాణాచట్టమున, ధనము పంచుటకు ముందు ఆ ప్రాంతపు ప్రజల యభిప్రాయము వినవలెనని చేర్చిరి. బాట లెక్కయు గాలి లెక్కయు ఒకే పుస్తకమున వ్రాయుట దీనిలోని ముఖ్యాంశము. మనదగ్గర బాటధనమొక శాఖవద్ద, గాలి తనిఖీ మరియొక శాఖవద్ద నున్నవి. రెంటిని కలుపువారు లేకున్న, ఒకరు బాట వెడల్పు చేయుదురు, మరియొకరు దుమ్మును కొలుతురు, దగ్గువాడు ఆసుపత్రిఖర్చు భరించును. అతని ఖర్చు మాత్రము ఏ పద్దులోను చేరదు.

అయితే మన మాటకు చట్టములో చోటులేదా? కలదు. అది తెలిసికొనుట పెద్దలకు అవసరము.

మొదటిది పంచాయతీ. 1993 ఏప్రిలు 24న అమలులోనికి వచ్చిన డెబ్బదిమూడవ రాజ్యాంగసవరణ గ్రామసభను రాజ్యాంగములో చేర్చెను. బాటలు, మోరీలు, వంతెనలు పంచాయతీల కప్పగింపదగిన విషయములని పదునొకండవ అనుబంధములో వ్రాసిరి. డెబ్బదినాలుగవ సవరణ జిల్లా ప్రణాళికాసంఘమును కల్పించి, అందు అయిదింట నాలుగువంతులకు తగ్గక సభ్యులు ఎన్నికైన స్థానికప్రతినిధులనుండి రావలెనని విధించెను.

రెండవది గ్రామసడక్ పథకములోని నడక. బాటకు అంచనా వేయకముందు ఇంజనీరు, సర్పంచి, ఊరివారు కలిసి ఆ త్రోవవెంట నడిచి, ఏ చేను తగులును, ఏ చెట్టు పోవును, వాననీరెటు పారునని చూచి వ్రాయవలెనని ఆ పథకపు నిబంధన. పార్వేట పల్లకి వెంట నడచువారికి ఈ నడక కొత్త గాదు. ఆ దినమున ఊరిలోని పెద్దలు ఇంటికడ నుండరాదు.

మూడవది జాతీయరహదారుల చట్టము. భూమిని గైకొనుటకు ప్రకటన వెలువడినపుడు, ఆ భూమిపై సంబంధముగలవారు ఇరువదియొక్క దినములలోగా వ్రాతమూలకముగా ఆక్షేపణ తెలుపవచ్చును. అధికారి దానిని వినవలెను. ఇరువదిరెండవ దినమున ఎంత న్యాయమైన మాటయైనను వినబడదు.

నాలుగవది పర్యావరణ బహిరంగ విచారణ. 2006 సెప్టెంబరు 14 నాటి ప్రకటన ననుసరించి, నిర్ణీత పరిమాణమును మించిన గనులకు, సిమెంటు కర్మాగారములకు, పెద్ద రహదారులకు అనుమతి యిచ్చుటకు ముందు కాలుష్యనియంత్రణ మండలివారు స్థలమునకు దగ్గర సభ జరుపవలెను. ముప్పదిదినములకు తక్కువగాక ముందుగా పత్రికలలో తెలుపవలెను. నివేదిక ప్రతి పంచాయతీలోను ఉంచవలెను. కలెక్టరుగాని ఆయన తరపున తగిన యధికారిగాని అధ్యక్షత వహించును. సభలో ఎవరేమి చెప్పిరో వ్రాసి, స్థానికభాషలో చదివి వినిపింపవలెను. ఇంతమంది రానిదే సభ చెల్లదను నియమము లేదు. అనగా పదిమంది వచ్చినను సభ జరిగినట్లే లెక్క. రానివాడు సమ్మతించినవాడుగా తేలిపోవును. అదియునుగాక, కొత్తగా భూమి గైకొనక బాటను విస్తరించినచో విచారణ యక్కరలేదని ఆ ప్రకటనలోనే మినహాయింపు కలదు. అట్టిచోట దుమ్ము సంగతిని గ్రామసభ తీర్మానముగా వ్రాసిపంపుటయే మార్గము.

అయిదవది అడవి. 2006 అటవీహక్కుల చట్టము ప్రకారము, గ్రామమునకు కావలసిన బాటకై హెక్టారుకు తక్కువ అడవినేలను, హెక్టారుకు డెబ్బదియైదు చెట్లు మించక కొట్టుటకు లోబడి, గ్రామసభ సిఫారసుపై ఇయ్యవచ్చును. నల్లమలలో నివసించు చెంచువారికిది రక్షయు, సౌకర్యమును. అహోబిలస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడెనని చెప్పుకొను మన ప్రాంతమున, చెంచుపెంట మాట వినక అడవిబాటను నిర్ణయించుట ఉచితము గాదు. యాత్రికుల బండ్లు పెరుగగా ఎగువ అహోబిలపు త్రోవ వెడల్పు కావలెనని కోరువా రుందురు. చెట్లు పోరాదని కోరువారుందురు. ఇద్దరి కోర్కెలోను న్యాయము కలదు. స్వామివారి కొండకు సొంతబండ్లను తగ్గించి దిగువనుండి బస్సులను నడుపుట వంటి మధ్యేమార్గములు, సభలో మాటాడినప్పుడే పైకి వచ్చును.

మాట చెప్పుటలో ఆలస్యము, ఓర్పు రెండును ఫలితమును మార్చును. నంద్యాలనుండి ఎర్రగుంట్లకు రైలుమార్గము 1996–97లో మంజూరయ్యెను. బనగానపల్లె, కోయిలకుంట్ల మీదుగా ప్రయాణీకుల బండి కడపవరకు నడచినది 2016లో. అనగా ఇరువది యేండ్లు పట్టెను. అర్జీలు వ్రాసినవారిలో కొందరు ఆ బండినెక్కకయే పోయియుందురు. అడగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఒక్కమారడిగి ఊరకుండువానికి ప్రభుత్వమును పెట్టదు.

కాబట్టి మీ పంచాయతీలో ఈ కొలది పనులు ఆచారముగా నెలకొల్పుడని కోరుచున్నాను. బాటప్రకటనగాని విచారణప్రకటనగాని వచ్చిన తేదీని ఒక పుస్తకమున వ్రాయుడు. గడువు దినములను ఎంచుడు. చదువుకొన్న యువకునిచేత నివేదికను చదివించి, అందలి దుమ్ము, పొగ, నీటిపారుదల భాగములను అందరికి వినిపింపుడు. మీ కోర్కెను గట్టిగ అరచి చెప్పుటకంటె, సంఖ్యలతో కాగితముపై వ్రాసి రసీదు పుచ్చుకొనుడు. లారీలకు పట్టా కప్పవలెనని, అంచునందలి మట్టిని గట్టిపరచవలెనని, బడి, ఆసుపత్రులవద్ద చెట్లు నాటవలెనని, పని జరుగునపుడు నీరు చల్లవలెనని షరతులు వ్రాయించుడు. పనికెంత ధనము వచ్చెనో, ఎంత ఖర్చాయెనో 2005 సమాచారహక్కు చట్టము క్రింద అడుగుడు; ముప్పది దినములలో సమాధానమియ్యవలెనని ఆ చట్టము చెప్పుచున్నది. ఆడవారిని సభకు పిలువుడు. వంటయింటి పొగయు వీధిదుమ్మును కలిపి పీల్చునది వారే. బిడ్డ దగ్గును లెక్కపెట్టునది వారే.

నవాబు సుంకము పోయినది. కంపెనీ హామీవడ్డీ పోయినది. కలెక్టరు నియమించిన సభయు పోయినది. పన్ను మాత్రము వేరు వేరు పేర్లతో నిలిచియే యున్నది. పన్ను చెల్లించినవాని కిప్పుడు సభలో కుర్చీ కలదు. ఆ కుర్చీని ఖాళీగా వదలినచో తప్పు చట్టమును చేసినవారిది కాదు. చేతులు కాలినతరువాత ఆకులు పట్టుకొన్నట్లు, దారిలో కంకర పరచిన పిదప సభ కూర్చుట వ్యర్థము. కొలతగొలుసు ఊరి పొలిమేరకు వచ్చిననాడే మీ మాటయు పొలిమేరకు చేరవలెను.